కుందేలు మునిగిన చోట

శనివారం, సాయంత్రం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వూ మరదలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నాకు ఒంట్లో బాగానే ఉంది. మా టీచర్ ట్రైనింగ్ కాలేజీ బాగోగులు మాత్రం అడక్కు. అడక్కపోయినా చెబుతానని నీకు తెలుసు.

నీ ఉత్తరం అందింది. నీ కూతురికి చిన్నప్పటి నుంచీ లెక్కలు రావనీ, లెక్కలు రానిది పంతులమ్మ అయి పిల్లల గొంతు కోయడం దేనికనీ, పై వారం ఆదివారం వచ్చి దాన్ని తీసుకుపోయి నీ కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు దగ్గర కూర్చోబెడతాననీ రాశావు. ఊరందరికీ చూపు సరిచేసేవాడివి, కన్నకూతుర్ని మాత్రం నీకు చూడటం రాదు. దానికి లెక్కలు రాకపోవడమేమిటి? పరీక్షలన్నీ పాసయ్యే కదా మా దాకా వచ్చింది. దాని జబ్బు వేరే. అది చెప్పాలంటే ముందు ఇక్కడి భాగోతం చెప్పాలి.

ఈ ఏడాది మా కాలేజీకి ఆటల పిచ్చి పట్టింది. చిన్నపిల్లలకు పాఠం చెప్పకూడదట, ట్యాబుల్లో ఆటలాడిస్తే వాళ్ళే నేర్చేసుకుంటారట. అలా ఆడించడమెలాగో మా విద్యార్థులకు నేర్పమని ఒకాయన్ని మా నెత్తిన పెట్టారు. అందరూ ఆటల సారు అంటారు. పదేళ్ళ పిల్లల ముందు ఒక్క పూట నిలబడిన మనిషి కాదు. ఆటలతో చదువు అనే విషయం మీద తెర మీద అక్షరాలు వేసి, వేసినవే గంటన్నర సేపు చదివి, ఎవరైనా కదిలితే కసిరి, చివర్లో ఉత్సాహంగా ఉందా అని అడుగుతాడు. ట్యాబులేమో ప్రిన్సిపాల్ గదిలో బీరువాలో ఉంటాయి. వాటి మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా పీకలేదు, గీతలు పడతాయట. ఎవరైనా పెద్దవాళ్ళు చూడటానికి వస్తే బయటికి తీసి, ఫొటోలు దిగి, తుడిచి లోపల పెడతారు. మిగతా రోజుల్లో ప్రాక్టీసు క్లాసుకి కొన్ని ఇస్తారు, అదీ సంతకం పెట్టించుకుని.

ప్రాక్టీసు క్లాసంటే నీకు తెలియదుగా. మా విద్యార్థుల్లో ఒకరు టీచరు, మిగతావాళ్ళంతా పిల్లలు. మీసాలున్న మనిషి, ఇంట్లో ఇద్దరు బిడ్డల తండ్రి, బెంచీ మీద కూర్చుని ముక్కు ఎగబీలుస్తూ పక్కవాడి పెన్సిలు లాక్కుంటాడు. అందరూ కావాలని తప్పులు చేయాలి. చేయకపోతే టీచరు వేషంలో ఉన్నవాళ్ళకి దిద్దడానికి ఏమీ ఉండదు. వెనక కుర్చీలో కూర్చుని ఈ నాటకానికి మార్కులు వేయడం నా ఖర్మ.

ఆటేమిటంటావా? ఒక కుందేలు కాలువ దాటాలి. ఒకే దుంగలోంచి కోసిన చెక్కలు రెండు, గుడ్డ కప్పి ఉంటాయి. ఒకదాని మీద మూడో వంతు, రెండోదాని మీద నాలుగో వంతు అని, మరోసారి ఇంకేవో వంతులని రాసి ఉంటుంది. పొడుగు చెక్క నొక్కితే అది అవతలి గట్టుకు ఆనుతుంది, కుందేలు దాటేస్తుంది. పొట్టిది నొక్కితే మధ్యలోనే ఆగిపోతుంది, కుందేలు బుడుంగుమని మునుగుతుంది. ఇంత ఘనకార్యానికి నక్షత్రాలు కూడా ఇస్తారు.

ఈ నాటకంలో మహానటి ఎవరనుకున్నావు? నీ కూతురే. మిగతావాళ్ళు తప్పు చేస్తే నవ్వాపుకోలేక చేస్తారు. ఇది అలా కాదు, ధీమాగా నాలుగో వంతు నొక్కుతుంది. కుందేలు మునిగాక తెల్లబోయి చూస్తుంది. క్లాసంతా చప్పట్లు. అచ్చం పిల్లలాగే చేశావని ఆటల సారు మురిసిపోయి, పాత్ర పోషణ అద్భుతం అని దాని రికార్డులో రాశాడు. కింద నా చేత సంతకం పెట్టించాడు. నా మేనకోడలు పాఠం చెప్పడం నేర్చుకోవడానికి వచ్చిందా, చప్పట్ల కోసం వచ్చిందా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

పోనీ ఆ వేషమైనా నిలకడగా వేసిందా? ఈమధ్య ఉన్నట్టుండి సరైన చెక్క నొక్కడం మొదలుపెట్టింది. పిల్లలా ఉండటం లేదమ్మా, పాత్రలోంచి జారిపోతున్నావు అని ఆటల సారు చీవాట్లు పెట్టాడు. సరే సార్ అని తల వంచుకుంది. ఆ తర్వాత మళ్ళీ తప్పులు చేసింది కానీ, అవి తెలిసి చేస్తున్న తప్పులని గుడ్డివాడికి కూడా తెలిసిపోయేలా చేసింది. నటన కూడా చేతకాలేదని నేను ముక్కు విరిచాను.

నిన్న చివరి పరీక్ష. ఎదురు వీధి బడి నుంచి నిజం పిల్లల్ని, నాలుగో తరగతి వాళ్ళని, తీసుకొచ్చారు. వాళ్ళకి కుందేలు దాటడం కన్నా మునగడమే బాగుందని మొదటి నిమిషంలోనే తేలిపోయింది. ఎవరి కుందేలు ఎక్కువసార్లు మునుగుతుందా అని పందేలు. బుడుంగు బుడుంగుమని గది మార్మోగిపోయింది. టీచరుగా మొదటి వంతు వచ్చిన మీసాల మనిషి బల్ల చరిచి చరిచి అలిసిపోయాడు. ఈ క్లాసుకి భిన్నాల అవగాహన శూన్యం అని ట్యాబు తేల్చేసింది. ఆటల సారు అది చూసి నిజమేనని నమ్మి, మొహం మాడ్చుకుని రాసుకున్నాడు. అంత చదువుకున్న మనిషికి, పిల్లలు ఆడుకుంటున్నారన్న సంగతి తట్టలేదు.

తర్వాత నీ కూతురి వంతు. వచ్చీ రాగానే క్లాసుని గాలికొదిలేసింది. మూలగా రెండు జడల పిల్ల ఒకతి నవ్వకుండా కూర్చుంది. నేరుగా వెళ్ళి ఆ పిల్ల పక్కన నేల మీద చతికిలబడి, చెవిలో ఏదో చెప్పింది. పరీక్ష సమయమంతా ఆ ఒక్క పిల్లతోనే సరిపెట్టింది. చివరికి ఆ పిల్ల కుందేలు వరసగా దాటింది, నిజమే. కానీ మిగతా క్లాసు సంగతేమిటి? అందరి కుందేళ్ళూ మునుగుతుంటే ఆ పిల్ల దగ్గరికే ఎందుకెళ్ళావే అని బయటికొచ్చాక నిలదీశాను. మిగతావాళ్ళు ముంచుతున్నారు, అది మునుగుతోంది అత్తా అంది. ఎలా తెలిసిందే అంటే, తెలిసింది అత్తా అని వెళ్ళిపోయింది. పెద్దల ప్రశ్నకు ఇదా జవాబు? చెప్పిన వరసలో చేయలేదని ఆటల సారు మార్కులు కోసేశాడు. నేనూ అడ్డుపడలేదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

కాబట్టి ఆదివారం వచ్చి తీసుకుపోతానంటే నేను కాదనను. వేషాలు వేసేవాళ్ళు ఇక్కడ ఇప్పటికే ఎక్కువైపోయారు.

మరదలిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: ఇవాళ సోమవారం. అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను. పైన రాసినది కొట్టేయను. మీ అక్క ఎంత తెలివైనదో నువ్వూ చదివి తెలుసుకో.

పోస్టు చేయడానికి వెళుతుంటే ఎదురు బడి గేటు దగ్గర ఆ రెండు జడల పిల్ల కనిపించింది. ఉండబట్టలేక, ఆ అక్క నీ చెవిలో ఏం చెప్పిందే అని అడిగాను. ఎవరికీ చెప్పొద్దందని కాసేపు బెట్టు చేసి, తర్వాత చెప్పింది. మూడు కంటే నాలుగు పెద్దది కదా అని ఆ అక్క కూడా నాలుగో వంతే నొక్కేదట. పెద్దయ్యాక కూడానట. కుందేలు మునిగినప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టేవారట, ఎందుకు కొట్టారో ఆ పిల్లకి అర్థం కాలేదట. మునిగితే మునగనీ, కుందేలుని చూడకు, చెక్క ఎక్కడ ఆగిపోయిందో అది చూడు, నేను అలా చూసే నేర్చుకున్నాను అందట.

ఉత్తరం పోస్టు చేయకుండా వెనక్కి తిరిగొచ్చేశాను తమ్ముడూ. నువ్వు రాసిందే నిజం. దానికి లెక్కలు రావు. అంటే, రాలేదు, పరీక్షలన్నీ బట్టీ పట్టి గట్టెక్కింది కాబోలు. ఇప్పుడు వచ్చాయి. తప్పు చేస్తే ఎవరూ నవ్వని చోటు దానికి పుట్టి బుద్ధెరిగాక ఇక్కడే దొరికినట్టుంది, అదీ మేమంతా నటన అనుకోబట్టి. మేమెవరమూ దానికేమీ నేర్పలేదు. వెనక కూర్చుని ముక్కు విరిచాం, అంతే.

ఆదివారం నువ్వు రావద్దు. వచ్చినా పంపను. నాకు తెలిసిందని దానికి తెలియనివ్వకు. ఆటల సారుకి కూడా ఈ సంగతి చచ్చినా చెప్పను. తన ఆట నిజంగా పనిచేసిందని తెలిస్తే ఆ మనిషిని పట్టలేం.