హోండా వచ్చింది

బళ్లారి జిల్లా, ఆగస్టు 2007

అన్నయ్యా, వదినా, ఇక్కడ అందరం కులాసా.

సర్కారు నాకు హోండా ఇస్తోందని పోయిన కార్డులో రాశాను. మన లంక ఊరంతా చెప్పేశావేమో, అది మోటారు సైకిలు కాదు! ఇక్కడ గనుల డబ్బుతో అందరూ బండ్లు కొంటుంటే నేనూ అదే అనుకున్నాను. నీ మరదలు సరోజిని బండి పూజకు నిమ్మకాయలు, కుంకుమ పట్టుకుని వాకిట్లో నిలబడితే జేసీబీ వచ్చింది.

"హొండ అంటే కన్నడంలో గుంత గదప్పా! వాన నీళ్లు పట్టేది. యాడ తవ్వల్లో చూపించు" అన్నాడు డ్రైవరు.

సిగ్గుపడుతూనే చేను మూల చూపించాను. తవ్విన గుంత మొన్నటి వానకు నిండింది. కాలవ రాకున్నా మిరప పచ్చగా ఉంది. నీ బోరు ఉప్పెక్కిందన్నావుగా, నువ్వూ ఒకటి తవ్వించి, ఉప్పునీరు ఊరకుండా అడుగున టార్పాలిన్ పరిపించు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చేవాళ్లతో కొబ్బరి చీపుళ్లు పంపు. పిల్లలకు మా దీవెనలు.

ఊళ్లో అడిగితే, హోండా వచ్చింది, నిండా నీళ్లున్నాయని చెప్పు.

నీ తమ్ముడు,
సీతారామారావు