గుర్రపుడెక్క మీద ఆఫీసరు గారి కుడికాలు

చెరువు సంఘాధ్యక్షులు, కీర్తిశేషులు బాబాయి గారికి కార్యదర్శి సమర్పించు నివేదిక.

మీరు పోయి నేటికి ఏడాది. దగ్గరుండి పీకించే మీరు లేక గుర్రపుడెక్క చెరువంతా కమ్మేసింది. రేపల్లె ఆఫీసరు గారు గట్టు మీది నుంచే చూసి, దానిని పచ్చికబయలుగా నమోదు చేసి, ఇళ్ల స్థలాలకు సిఫారసు చేశారు. ఈ ఉదయం కొలవడానికి వచ్చారు.

“కింద నీళ్లున్నాయండి,” అన్నాను.

“నీళ్లేంటయ్యా? రికార్డులో లేవు,” అంటూ ఆయన కుడికాలు మోపి, మొలలోతు దిగబడ్డారు.

పిన్ని మీ పడవగెడ అందిస్తూ, “ఆ రికార్డు వదలకండి సార్, తేలతారు!” అంది.

మధ్యాహ్నం నుంచి సంఘమంతా నీళ్లలో దిగి డెక్క పీకుతున్నాం. మీ పడవ పిన్నే నడుపుతోంది. మళ్లీ కొలతకు వచ్చేవారు ఈత నేర్చుకుని రావలసిందిగా లిఖితపూర్వకంగా కోరాం. హాజరుపట్టీలో మీ పేరు కొట్టివేయలేదు. ఎదురుగా ‘సెలవు’ అని వ్రాశాను.