బానెట్ కింద నిమ్మకాయ

మట్టెవాడ, 1984, మంగళవారం రాత్రి

డాక్టరు గారి జర్మనీ కారు నిలబడి ఉన్నా గర్రుమంటూనే ఉంది. కార్బురేటరు లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, ఇన్నేళ్ల మెకానిక్‌నైనా నాకు కొత్త. పొద్దంతా గొట్టాలన్నీ ఊడదీసి చూశాను. చివరికి దొరికింది దిష్టి నిమ్మకాయ! దాని దారం యాక్సిలరేటరు తీగను గుంజి పట్టుకుంది. ఫారిన్ బండికి దిష్టి ఇంజనుకే తగులుతుందని డాక్టరు వాళ్ళమ్మకు మొన్న చెప్పింది నేనే, వేళాకోళానికి. ఆమె నిజమనుకొని కట్టేసింది.

దారం తెంపి, "అమ్మా, నేను మజాక్ జేసిన. మళ్ల కట్టకుండ్రి, రోడ్డు మీద బండి ఆగదు" అన్నాను.

"నీ సంగతి నాకు ఎర్కలేదారా? ఇప్పుడు చెప్పేదే అసలు మజాక్!" అని నవ్విందామె.

రేపు ఆమె అదే కారులో స్టేషన్ ఘన్‌పూర్ పోతుంది. కొత్త నిమ్మకాయ అప్పుడే ఆమె చేతిలో ఉంది. తెల్లారకముందే పోయి, తెరవనీయకుండా బానెట్ మీద కూర్చుంటాను. ఆమె అదీ మజాకే అనుకుంటే...