అయ్యూబు నబీ గడపలో కొబ్బరికాయ

సోహార్, ఒమాన్
జనవరి, సోమవారం

నా చంకలో పెరిగిన తమ్ముడు కుళ్ళాయప్పకు, అక్క దీవించి చెప్పి రాయించేది.

నా పేరు దూదేకుల కాశింబీ. వయసు డెబ్భై ఎప్పుడో దాటింది. పెనిమిటి ఖాదరయ్య మట్టిలో కలిశాడు. ఊరు ప్రొద్దుటూరు. ఇప్పుడు ఉండేది కొడుకు మహబూబ్ పీరా ఇంట్లో. ఇంట్లో వాడు, కోడలు నఫీసా, మనుమరాలు షీబా, నేను. ఇదంతా నాకు తెలియదా అక్కా అంటావు. తెలుసు. అయినా ముందు పేరు చెప్పుకుంటున్నాను. ఎందుకంటే ఈ దేశం వచ్చినప్పటి నుంచి నాకు పేరు లేకుండా చేశారు. ఆ తరువాత నోరు కూడా లేకుండా చేశారు. ఫోన్‌లో చెబుదామంటే నీ చెవికి సగమే చేరుతుంది, మిగిలిన సగం నా కోడలి చెవికి చేరుతుంది. అందుకే మా బిల్డింగ్ కింద ఇస్త్రీ చేసే నర్సయ్యను పట్టుకున్నాను. నిజామాబాదు మనిషి. నా మాటను అతను బడిమాటలో పెడుతున్నాడు. వాదం మాత్రం నాది.

విషయం షీబా పెళ్ళి. పిల్ల మందుల షాపులో పని చేస్తుంది. అక్కడికి వచ్చిపోయే నిజాముద్దీన్ అనే ఇంజనీరు పిల్లను ఇష్టపడ్డాడు, పిల్లకూ ఇష్టమే. వాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లో ఉరుదూ. తండ్రి సమీయుల్లాకు బహ్లాలో ఇనుప సామాన్ల షాపు ఉంది. తల్లి పేరు ముంతాజ్. మంచివాళ్ళే. అయితే నా కొడుకు ఇక్కడ తన పేరు మహబూబ్ ఖాన్ అని చెప్పుకున్నాడు. పీరా పోయింది, దూదేకుల పోయింది. మనం దూది ఏకి పరుపులు కుట్టినవాళ్ళమని, ఇంట్లో తెలుగు మాట్లాడతామని తెలిస్తే వాళ్ళు పిల్లను చేసుకోరని వాడి భయం. వాడూ కోడలూ ఉరుదూ నేర్చుకున్నారు. నాకు అర్థమవుతుంది గానీ పలకడం రాదు.

చలికాలం సెలవుల్లో రెండు కుటుంబాలూ కలిసి కార్లలో సలాలా దాకా పోయి, అక్కడి నబీల సమాధులన్నీ చూసి, అయ్యూబు నబీ దగ్గర పిల్లల పేర్లు చెప్పి దువా చేసుకుని, తరువాత నిశ్చితార్థం పెట్టుకుందామని సమీయుల్లా అన్నాడు. నాకు ఎంత సంతోషమో. దర్గా అంటే నేను అన్నం మానేసి పోయేదాన్ని. ఆ సంతోషంలో సంచి సర్దుకుంటుంటే కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా, ఒక్క మాట. నీకు మాట రాదని వాళ్ళకు చెప్పినా."

"ఎవురికి రాదు?"

"నీకు. చిన్నప్పుడు జొరమొచ్చి పోయిందని చెప్పినా. దోవంతా గమ్మునుండు మా. షీబా కోసరం."

"ఒరే, నా నోటికి బయపడి మీ నాయన రెండు పూటలా టయానికి ఇంటికొచ్చేవాడు. ఆ నోరా పోయింది?"

వాడు నవ్వలేదు. షీబా తలుపు దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. "జేజీ, నువ్వు ఒద్దంటే ఒద్దు" అంది, దానికి వచ్చిన అరకొర తెలుగులో. ఆ మొహం చూసి ఒప్పుకున్నాను. దాని కోసం ఒప్పుకున్నానే గానీ, కొడుకు అన్న మాట చేపముల్లులా గొంతులోనే ఉండిపోయింది. తల్లి చచ్చిపోయిందని చెప్పినా ఇంత నొప్పి పుట్టేది కాదు తమ్ముడూ. బతికున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని మాట లేదన్నాడు.

చీర విప్పించి నల్ల బురఖా తొడిగారు. బహ్లాలో వాళ్ళ కారు మాతో కలిసింది. ఆదం ఊరు దాటాక ఇక చెట్టు లేదు, గుట్ట లేదు. రొట్టె పెనం లాంటి నేల, నడుమ తారు రోడ్డు. కార్లు ఆగినప్పుడల్లా ముంతాజ్ నా కిటికీ దగ్గరికి వచ్చి చేతులతో సైగలు చేసి అన్నం తిన్నావా, కాళ్ళు నొప్పా అని అడిగేది. నేను తల ఊపేదాన్ని. కొడుకు నా తలనే చూస్తూ ఉండేవాడు, ఎక్కడ మాట రాలిపడుతుందోనని. నలుగురిలో నన్ను అమ్మీజాన్ అనేవాడు. ఆ పిలుపు వింటే పక్కన ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూసేదాన్ని.

పెట్రోలు బంకుల్లో ఆగినప్పుడు షీబా నన్ను బాత్రూముకు తీసుకుపోయి లోపల గడియ పెట్టేది. "జేజీ, ఇప్పుడు మాట్లాడు. బిరీన." నేను గుక్క తిప్పుకోకుండా అందరినీ తిట్టేదాన్ని. అది నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. బయటికి వచ్చేసరికి ఇద్దరం మళ్ళీ మూగవాళ్ళం. ఇక్కడ నర్సయ్య కూడా నవ్వుతున్నాడు. ఆ నవ్వు కూడా రాయమన్నాను.

హైమా అనే ఊళ్ళో రాత్రికి ఆగాము. ఆడవాళ్ళ గదుల్లో నన్నూ ముంతాజ్‌నూ ఒకదాంట్లో వేశారు. పొద్దున లేచేసరికి ఆమె నన్ను అదోలా చూసి, తానే టీ తెచ్చి చేతిలో పెట్టింది. మూగదాని మీద జాలి అనుకున్నాను.

సలాలాలో ఇమ్రాన్ నబీ సమాధి ఎంత పొడవో చెప్పినా నమ్మవు. మన వీధి మొదట తల పెడితే చివర కాళ్ళు పెట్టొచ్చు. మిర్బాత్‌లో తెల్ల గుమ్మటాల కింద ఇంకొక వలీ సమాధి. ప్రతి చోటా వాళ్ళు పెద్దగా చదివి దువా చేశారు. నేను మాత్రం పెదవి కదపకూడదు. నబీ ముందు కూడా నోరు కట్టుకుని నిలబడితే నా మొర ఎవరికి చేరుతుంది?

తిరిగి సలాలాకు వస్తే రోడ్డు పక్కన వరసగా కొబ్బరికాయల అంగళ్ళు. తమ్ముడూ, ఎన్నాళ్ళకు చూశానో! మనం దర్గా గడపలో కొబ్బరికాయ కొట్టకుండా ఎప్పుడు లోపలికి పోయాము? అందరూ బొండాలు తాగుతుంటే నేను సైగ చేసి ఒక ముదురు కాయ తీసుకుని బురఖాలో పెట్టుకున్నాను. ఉట్టి చేతులతో పోకూడదన్న ఆలోచనే తప్ప వేరే ఆలోచన లేదు.

కొండ మీద అయ్యూబు నబీ. మగవాళ్ళు లోపల సమాధి మీద పచ్చని చాదర్ పరుస్తున్నారు. నేను గడప దగ్గర ఆగి, మనసులో మొక్కుకుని, పక్కనున్న రాతి మీద కాయ కొట్టాను. రెండు చెక్కలైంది. నీళ్ళు పోయి, అప్పుడే నా కొడుకుతో బయటికి వస్తున్న సమీయుల్లా పైజామా మీద పడ్డాయి. అక్కడ కాపలా ఉండే ముసలాయన అరబీలో అరుస్తూ వచ్చాడు. సమీయుల్లా మొహం ఎర్రబడింది. "యే క్యా హై? నారియల్? మందిర్ సమఝ్ లియే క్యా?" అని నా మీదికి వచ్చాడు. నా కొడుకు నేల చూస్తున్నాడు. అంతే, నా కట్టు తెగింది.

"గుడి అనుకోలేదప్పా! నబీ గడప అని తెలిసే కొట్టినా. మా అమ్మ కొట్టింది, మా జేజి కొట్టింది. ఏ నబీ అయినా కాయ ఒద్దన్యాడా మాతో?"

అప్పుడు సమీయుల్లా నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "కరామత్! మూగామె మాట్లాడింది! అయ్యూబు నబీ కరామత్!" అంటూ ఏడ్చాడు. కరామత్ అంటే మహిమ. నేను నా కొడుకు వైపు చూశాను. ఇప్పుడైనా చెబుతాడేమోనని. వాడు నెమ్మదిగా తల ఎత్తి, "హాఁ భాయ్, కరామత్" అన్నాడు.

ఇదీ నా వ్యాజ్యం. తెలుగులో ఎందుకు మాట్లాడింది అంటే, చిన్నప్పుడు పెంచిన ఆయా తెలుగుది అని కోడలు చెప్పింది. దేవుడు ఏ భాషలో ఇస్తే అదే అని సమీయుల్లా కళ్ళు తుడుచుకున్నాడు. కొబ్బరికాయ కూడా నబీ ఆజ్ఞే అయిపోయింది. సంబంధం ఇప్పుడు ఇనుము కంటే గట్టిది. ఈ శుక్రవారం అతను బంధువులందరినీ తీసుకుని మా ఇంటికి వస్తున్నాడు, నన్ను చూపించడానికి. "అవునని తల ఊపు మా, చాలు" అంటున్నాడు కొడుకు. మూగదానివి కమ్మంటే అయ్యాను. నబీ పేరు మీద అబద్ధానికి తల ఎట్లా ఊపను? నిజం చెబితే పిల్ల పెళ్ళి పోతుంది. చెప్పకపోతే నేను ఏ మొహంతో చచ్చిపోను?

నువ్వు నా కొడుకుకు మేనమామవు. సలహా అడగడం లేదు, నీ జవాబు చేరేసరికి శుక్రవారం దాటిపోతుంది. నేను నోరు తెరుస్తాను. పెళ్ళి చెడితే ముసల్ది చెడగొట్టిందని అందరూ అంటారు. అప్పుడు నీ దగ్గర ఈ కాగితం ఉండాలి.

ఇట్లు,
దూదేకుల కాశింబీ వేలిముద్ర
సాక్షి: నర్సయ్య, రాసినవాడు. కొడుకును సాక్షికి పిలవలేదు.


సోహార్
తరువాతి ఆదివారం

నా తోడబుట్టిన కుళ్ళాయప్పకు, అక్క మనసారా దీవించి రాయించేది.

శుక్రవారం నమాజు అయ్యాక వచ్చారు. హాలు నిండిపోయింది. నేను బురఖా తీసి అవతల పెట్టి, ఊరి నుంచి తెచ్చుకున్న చీర కట్టుకుని కూర్చున్నాను. కోడలు మొహం మాడిపోయింది గానీ జనం ముందు ఏమీ అనలేకపోయింది. సమీయుల్లా జరిగిందంతా చెప్పాడు. చెప్పేకొద్దీ పెరిగింది. నా తల చుట్టూ వెలుగు కూడా చూశానన్నాడు. ఆ వెలుగు కొబ్బరినీళ్ళదేమో.

నేను నోరు తెరవబోతున్నాను. అప్పుడు వెనక నుంచి ఒక చిన్న వయసు తల్లి ముందుకు వచ్చింది. చంకలో ఆడబిడ్డ. పుట్టినప్పటి నుంచి ఆ బిడ్డకు మాట లేదట. బిడ్డను నా ఒడిలో పెట్టి, నా చెయ్యి తీసి దాని గొంతు మీద ఆనించుకుంది. "దాదీమా, మీరు చదివి ఊదండి" అని ఉరుదూలో బతిమాలింది. ఆ బిడ్డ నా ముక్కుపుడక పట్టుకుని నవ్వుతోంది. మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నదాన్ని, ఆ తల్లి కళ్ళలోకి చూసేసరికి నిజంగానే నోరు పడిపోయింది తమ్ముడూ. అల్లా నన్ను అప్పుడు మూగదాన్ని చేశాడు.

"అమ్మా! సాలు."

తెలుగులో. కొడుకు. గోడకు ఆనుకున్నవాడు లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. బిడ్డను మెల్లగా తీసి తల్లికి ఇచ్చాడు. "కరామత్ కాదు. మా అమ్మ ఎప్పుడూ మూగది కాదు. నేనే అబద్ధం చెప్పాను. మేము దూదేకులవాళ్ళం. ఆమె తెలుగు మాట్లాడితే తెలిసిపోతుందని నేనే నోరు మూయించాను" అని అందరికీ ఉరుదూలో చెప్పాడు. చెబుతూ నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తల్లి ఏడ్చింది. షీబా పోయి ఆమెను పట్టుకుంది. మస్కట్‌లో చెవీ గొంతూ చూసే డాక్టరు ఉన్నాడు, నేనే తీసుకుపోతాను అని చెప్పింది.

సమీయుల్లా లేచి నిలబడి ఉరుదూలో అరిచాడు. "బహ్లా మొత్తం చెప్పుకున్నా. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? జాత్ దాచారు, నబీ పేరు మీద నాతో ఝూట్ చెప్పించారు! చల్, ముంతాజ్!"

ముంతాజ్ కదల్లేదు. "మీరు నడవుండ్రి. నా చాయ్ కాలే" అంది. తెలుగులో! కప్పు చేతిలో పట్టుకుని నా కొడుకు వైపు తిరిగింది.

"మహబూబ్ భాయ్, నాకు హైమాలనే ఎర్క. మీ అమ్మ నిద్దట్ల మాట్లాడ్తది. రాత్రంత ఎవన్నో కుళ్ళాయప్ప కుళ్ళాయప్ప అని తిట్టింది. ఎవడమ్మా వాడు, పాపం?"

"మా తమ్ముడు" అన్నాను. నాకు మళ్ళీ మాట వచ్చింది.

"మరి దోవలో ఎందుకు చెప్పలేదు?" అని కోడలు అడిగింది.

"మీరెప్పుడు చెప్తరో సూద్దామని. దూదేకులోల్లయితే ఏంది? మా అమ్మ పరుపుకు దూది ఏకినోడు లేకుంటే నేను బండ మీద పుట్టేదాన్ని. నాకు కోపం గది కాదు భాయ్. కన్నతల్లిని మూగదాన్ని జేసిన్రు. రేపు నా కొడుకు మీ ఇంట్ల అల్లుడైతే, గదే నేర్చుకుని నా నోరు మూయిస్తే?"

నా కొడుకు తల దించుకున్నాడు. "నేర్సుకోడు. నేను నేర్పను" అన్నాడు. నిజాముద్దీన్ అంతసేపూ బొమ్మలా ఉన్నవాడు, లేచి ఖాళీ కప్పులు ఏరి వంటింట్లో పెట్టి వచ్చాడు. దానికే నాకు వాడు నచ్చాడు.

నువ్వు అడుగుతావు, అంతా బాగైపోయిందా అని. లేదు. సమీయుల్లా ఆ రోజు పోయినవాడు మా మెట్లు ఎక్కలేదు. ఈ పూట ముంతాజ్ పిల్లవాడిని తీసుకుని తేదీ మాట్లాడడానికి వచ్చింది. ఆయన కింద కార్లో కూర్చున్నాడు, ఇంజన్ ఆపకుండా. షీబా చేత టీ పంపాను. గ్లాసు ఖాళీగా తిరిగి వచ్చింది. ఇంజన్ కూడా ఆగింది. మనిషి ఇంకా రాలేదు. రానీ, నాకేం తొందర లేదు. దారంతా నేను ఓపిక పట్టాను, ఇప్పుడు ఆయన వంతు.

పెళ్ళి రంజాన్ తరువాత. పిలుపు కార్డులో పెళ్ళికూతురి తండ్రికి మేనమామ అని నీ పేరు వేయించమన్నాను. ఇంటిపేరుతో. కొడుకు సరే అన్నాడు. అయ్యూబు నబీ గడపలో ఏమని మొక్కుకున్నావు జేజీ అని షీబా నిన్న అడిగింది. నా కొడుకు నలుగురిలో నన్ను అమ్మా అని పిలవాలని మొక్కుకున్నానని చెప్పాను. దాని పెళ్ళి కోసమేమో అనుకుందట, కాసేపు అలిగింది. దానికి వేరే కాయ కొడతానన్నాను.

ఈసారి సాక్షులను నేను పిలవలేదు. వాళ్ళే వచ్చి కూర్చున్నారు. షీబా నర్సయ్య దగ్గర అక్షరాలు అడిగి తన పేరు తానే రాసింది. వంకరగా ఉంటే నవ్వకు.

ఇట్లు నీ అక్క,
దూదేకుల కాశింబీ వేలిముద్ర

సాక్షులు:
నర్సయ్య, రాసినవాడు
షీబా, మనుమరాలు
ముంతాజ్, వియ్యపురాలు (ఉరుదూలో చేవ్రాలు)
దూదేకుల మహబూబ్ పీరా, కొడుకు