నాన్న కూర్చున్న చోటు

ద్వారక, ఢిల్లీ
ఆదివారం సాయంత్రం

అమ్మకు,

నీ సుగుణ వందనాలు. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? అన్నయ్య, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు. చలికి మాత్రం ఇంకా అలవాటు పడలేదు. రెండు స్వెట్టర్లు వేసుకుని వంట చేస్తుంటే మీ అల్లుడు గారు నవ్వుతారు. నేవీ మనిషిని తెచ్చి సముద్రం వాసన కూడా లేని ఊళ్ళో పడేశారని నేను ఆయన్ని ఏడిపిస్తాను. ఇక్కడ చేపలు దొరుకుతాయి గానీ మన రేవు చేప రుచి రాదు. ఎవరైనా వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు.

ఈవేళ నా తెలివి వినాలి నువ్వు. మెట్రో ఎక్కి ఓ పాత రాతి చర్చికి వెళ్ళాం. గుమ్మం దగ్గరున్నాయన "దీదీ, నేవ్ మే బైఠియే" అన్నాడు, అంటే అక్కా, నేవ్‌లో కూర్చోండి అని. నేను నేవీ అని విన్నాను. మనకెంత మర్యాదో అనుకుంటూ ముందు బెంచీకి వెళ్ళి, అక్కడున్న దంపతులను మీరూ నేవీయేనా అని అడిగాను. బ్యాంకు ఉద్యోగమట. అయితే ఈ వరస మాది అన్నాను. పాపం, లేచి నిలబడ్డారు కూడా. మీ అల్లుడు గారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెనక కూర్చున్న తెలుగావిడ, రిటైరైన టీచరు, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నేవీ కాదమ్మా, నేవ్. జనం కూర్చునే ఈ పొడుగాటి చోటుకి పేరది. లాటిన్లో ఓడ అని అర్థం. పైకి చూడు, కప్పు బోర్లించిన పడవలా లేదూ? అందరినీ ఒడ్డుకి చేర్చేదని కూడా ఆ పేరు పెట్టారంటారు."

"మేం నావ అంటాం ఆంటీ" అన్నాను.

అదీ ఇదీ ఒకింటి మాటలేనంది ఆవిడ.

ఆ తర్వాత పాట పాడలేకపోయానమ్మా. నాన్నే కళ్ళముందు మెదిలాడు. ఆదివారం వస్తే ఊరందరినీ నావలో అవతలి ఒడ్డు చర్చికి దాటించి, పోటుకి నావ కొట్టుకుపోతుందని తను అందులోనే ఉండిపోయేవాడు. గెడకర్ర ఒళ్ళో పెట్టుకుని, మన పాటలకు పెదాలు కదిపేవాడు. కిటికీలోంచి చూసేదాన్ని. అందరినీ దేవుడి దగ్గరికి చేరుస్తాడు, తను మాత్రం గుమ్మం తొక్కడని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. నాన్న పోయాక నువ్వు ఆ మాటే పట్టుకున్నావు. మొన్న ఫోనులోనూ అదే.

"మీ నాన్న ఒక్క ఆదివారవన్నా లోపల కూచోలేదే. పైన ఆయన్ని లోపలికి రానిత్తారంటావా?"

అప్పుడు కూరగాయల ధరలేవో చెప్పి పెట్టేశాను. ఇది ఫోనులో చెబితే ఏడుస్తావు, మాట సాగదు. అందుకే రాస్తున్నాను. అన్నయ్య చేత నెమ్మదిగా చదివించుకో.

పాస్టరు గారికి, చిన్నత్తకు నా వందనాలు చెప్పు. మా పిల్లదాని పరీక్షల కోసం ప్రార్థన చెయ్యి. మమ్మల్ని దీవించు.

అమ్మా, మనమంతా కూర్చున్నది పేరుకే నావ. నాన్న కూర్చున్నది నిజం నావ. ఆయన బయట ఉండిపోయాడని ఇంకెప్పుడూ అనకు.

నీ కూతురు
సుగుణ