గోడౌను తాళం పగలగొట్టింది మా అమ్మే

తమ్ముడు మార్కుకి,

నీకూ లిడియాకూ పిల్లలకూ అక్క దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్కడి చలికి మీరంతా ఎలా ఉన్నారో అని అమ్మకి రోజూ అదే ధ్యాస.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మాత్రలు వేసుకోమంటే మాత్రం ఇప్పటికీ నాతో గొడవే. మీ బావ జయపాల్ బండి మీద పర్చూరు వెళ్లి నువ్వు చెప్పిన కళ్లద్దాలు చేయించుకున్నాడు. పెట్టుకోవడం ఒక్కటే మిగిలింది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, బడిలో పాఠం చెబుతుంటే నాకూ పిల్లలకూ ఒకటే తుమ్ములు.

ఇక అసలు సంగతి. నువ్వున్న ఆ ఇంగ్లీషు ఊళ్లో శనివారాలు లైబ్రరీలో పెద్దవాళ్లంతా చేరి చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకుంటారనీ, పాత మిల్లు గురించీ, కాలవలో పడవల గురించీ వాళ్లు చెప్పేవి నువ్వు రాసిపెడుతున్నావనీ చదివి మురిసిపోయాను. కానీ ఒకావిడ "మీ ఊరి సంగతులు చెప్పు" అంటే నువ్వేమన్నావు? "మాది పొగాకూ మిరప పండే పల్లె, చరిత్రంటూ ఏమీ లేదు" అన్నావట. నాకు కోపం వచ్చింది మార్కూ. తర్వాత ఆలోచిస్తే నీ తప్పేం లేదనిపించింది. నీకు చెప్పాల్సినదాన్ని నేనే, ఇన్నేళ్లూ చెప్పలేదు. ఫోన్లో అయితే చెప్పలేను, అందుకే ఇలా రాస్తున్నాను.

మన హైస్కూల్లో సోషల్ చెప్పే అఖిల తెలుసుగా, పొగాకు వ్యాపారం చేసిన బుల్లయ్య గారి మనవరాలు. ఆ అమ్మాయి ఊరి చరిత్ర రాస్తోంది. ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్లని అడిగి రాసుకుంది. అచ్చుకిచ్చే ముందు తప్పులు దిద్దమని కాగితాలు నాకిచ్చింది. చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "డెబ్బై తొమ్మిది మే తుఫానులో బుల్లయ్య గారు తన గోడౌను తలుపులు తెరిపించి పాలెం ప్రజల ప్రాణాలు కాపాడారు."

ఆ రోజు బుల్లయ్య గారు ఊళ్లోనే లేరు.

నీకప్పుడు మూడేళ్లు. నాకు పదకొండు. నాన్న కనిగిరి వైపు రోడ్డు పనికి వెళ్లాడు. పొద్దుట మొదలైన గాలి పదకొండింటికల్లా మన పాలెంలో తాటాకు కప్పులన్నీ లేపేసింది. చర్చికి అప్పట్లో పెంకులే కదా, అవీ పోయాయి. గట్టి కట్టడమంటే ఒక్కటే, రోడ్డవతల రాతి గోడలతో, శ్లాబుతో బుల్లయ్య గారి గోడౌను. అమ్మ పొగాకు రకాలు ఏరే గ్రేడింగు పనికి వెళ్లేది అక్కడికే. పొగాకు బేళ్లు నిండుగా ఉన్నాయి, తలుపుకి తాళం, తాళం చెవి బుల్లయ్య గారితో పాటు ఒంగోల్లో. వాచ్‌మన్ ఆదెయ్య మామ ఒక్కడే ఉన్నాడు.

అమ్మ నిన్ను చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. వెనకాల పాలెమంతా వచ్చింది. వానజల్లు మొహానికి గులకరాళ్లలా తగులుతోంది.

"తలుపు తియ్యి అన్నా" అంది అమ్మ.

"చెవి నా దగ్గర లేదు పిచ్చమ్మా. సరుకు తడిస్తే అయ్యగారు నన్ను చంపుతాడు."

"సరుకు మళ్లీ పండుద్ది. పిల్లలు పండుతారా?"

నిన్ను నా చేతికిచ్చింది. ఎక్కణ్ణుంచి తెచ్చిందో గునపం తెచ్చింది. అంత గాలిలో కాళ్లు రెండూ ఎడంగా నిలదొక్కుకుని తాళం మీద కొట్టింది. తాళం ఊడింది. అరవైమందిమి లోపలికి పోయాం. ఆ సాయంత్రం బయటికొచ్చి చూస్తే పాలెంలో నిలబడ్డ ఇల్లు లేదు. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. అర్థమైందా మార్కూ? ఒక్కరూ పోలేదు.

అఖిలకి ఇదంతా చెప్పాను. పాపం ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"మా ఇంట్లో అందరూ తాతగారే తెరిపించారని చెబుతారు మేడమ్. నాకు మీ మాట మీద నమ్మకం ఉంది. కానీ మామ్మగారు మీ అమ్మ. ఇంకెవరైనా చూసినవాళ్లు చెబితే నేను మా నాన్నతో గట్టిగా మాట్లాడగలను" అంది.

తలుపు దగ్గర నిలబడి చూసిన పెద్దవాళ్లలో ఇవాళ మిగిలింది ఆదెయ్య మామ ఒక్కడే. ఆయన ఇంటికి వెళ్దాం రమ్మని అమ్మని పిలిచాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"వాడి గుమ్మం నేను తొక్కను. నన్ను పట్టిచ్చినోడి సాక్ష్యం నాకెందుకు?"

ఇక్కడే తమ్ముడూ, నేను నీకు చెప్పాల్సింది ఉంది.

అమ్మ గ్రేడింగు పని మానేసి మిరపకోతలకి ఎందుకు వెళ్లిందో నీకు తెలుసనుకుంటావు. పొగాకు ఘాటు పడక అని మనింట్లో చెప్పుకునేవాళ్లం. అది నిజం కాదు. తుఫాను తర్వాత పాలెమంతా ఒక మాట అనుకున్నారు, ఎవరడిగినా తాళం గాలికే ఊడిపోయిందని చెప్పాలని. పెద్దవాళ్లంతా ఆ మాట మీదే నిలబడ్డారు. నాలుగో రోజు నేను బోరింగు దగ్గర నీళ్లు కొడుతుంటే గోడౌను గుమాస్తా వచ్చాడు. నవ్వుతూ అడిగాడు, "అంత లావు తాళం పగిలిందంటే ఎవడో మంచి కండలున్న మగాడై ఉంటాడు, కదమ్మాయ్?" అని.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మగాడేం కాదు, మా అమ్మ!" అన్నాను. గట్టిగా, మెడ ఎత్తి అన్నాను. లోకంలో అంత బలమైన అమ్మ నాకే ఉందని అతనికి తెలియాలనిపించింది.

మర్నాడు అమ్మని పనిలోకి రావద్దన్నారు. ఆ చుట్టుపక్కల ఏ గోడౌను వాళ్లూ రానివ్వలేదు. మిరపకోతలకి వెళ్లొచ్చిన చేతుల్తో నీకు స్నానం చేయిస్తే కళ్లు మంటలని ఏడ్చేవాడివి, గుర్తుందా? అవి నా మూలాన మండిన కళ్లు. చెప్పింది ఆదెయ్య మామేనని అమ్మ అనుకుంది. ఆయన ఉద్యోగం ఉంది, ఈమెది పోయింది, అంతకంటే రుజువేం కావాలి? అప్పటిదాకా అన్నా అన్నా అని పిలిచిన మనిషితో మాట మానేసింది. మామ భార్య, మన అత్త, చనిపోయినప్పుడు కూడా ఆ ఇంటికి వెళ్లలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత ఇప్పుడెందుకులే అనే అలవాటు. పిల్లలకి నిజమే మాట్లాడాలని బోర్డు మీద రాసేదాన్ని, నలభై ఆరేళ్లు ఇది కడుపులో పెట్టుకుని తిరిగాను.

అమ్మ ముందు కింద కూర్చున్నాను. "అమ్మా, పట్టిచ్చింది మామ కాదు. నేను" అన్నాను. బోరింగు దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాను.

అమ్మ చేట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"దాని చావుకి కూడా పోలేదు కదే నేను" అంది. అంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది కాదు. మీ బావ మధ్యలో పడి ఏదో చెప్పబోతే ఆయన్నీ కసిరింది.

మూడో రోజు పొద్దున్నే తెల్లచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నడు, ఆదెయ్య ఇంటికి. ఆ పంతులమ్మని కూడా రమ్మను."

ఆదెయ్య మామకి ఎనభై ఐదు దాటాయి. వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు ఆనదు. అమ్మ మంచం దగ్గరికి వెళ్లి "అన్నా" అంది. ఆ ఒక్క పిలుపుకే గుర్తుపట్టాడు. నేను ఆయన కాళ్లు పట్టుకుని నా తప్పు చెప్పుకున్నాను.

"నువ్వా!" అన్నాడు. ఆశ్చర్యపోయాడు, కాసేపటికి నవ్వాడు. "నేను గుమాస్తాకి గాలికే ఊడిందని బైబిలు మీద ఒట్టేసి మరీ చెప్పానే! దొంగ ఒట్టు వేశానని చర్చిలో ఏడాదిపాటు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టలేదు నేను."

అఖిల అడిగింది, "తాతా, గునపం ఎవరిచ్చారు మామ్మగారికి?"

"నేనే ఇచ్చాను. చేతికి కాదు. గోడకి ఆనించి, అటు తిరిగి నిలబడ్డాను" అన్నాడు. అమ్మకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత అత్త గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. అఖిలా నేనూ బయటికొచ్చేశాం.

ఆ పిల్లని మెచ్చుకోవాలి మార్కూ. వాళ్ల నాన్నతో వారం రోజులు వాదించి ఆ వాక్యం కొట్టేసింది. మొన్న ఆదివారం హైస్కూలు ఆవరణలో పుస్తకం విడుదల చేశారు. ఊరంతా వచ్చింది. అఖిల ఆ పేజీ పైకి చదివింది. "తాళం పగలగొట్టినది గ్రేడింగు కూలీ పిచ్చమ్మ. గునపం అందించినది వాచ్‌మన్ ఆదెయ్య. ఆ తలుపు మా తాతగారిది. ఆ ధైర్యం వీళ్లది."

అమ్మని మాట్లాడమన్నారు. వెళ్లదనుకున్నాను. వెళ్లింది. మైకు పట్టుకోవడం తెలియక రెండు చేతుల్తో పట్టుకుంది, గునపం పట్టుకున్నట్టే.

"నేను పెద్ద పనేం చెయ్యలేదు. మీరైనా చేస్తారు" అంది. జనంలో నన్ను వెతికింది. "అదిగో, నా కూతురు. తాళం నేనే తీశానని చెప్పింది ఇదే, అప్పుడు పదకొండేళ్లు దానికి. దానివల్లే నా పని పోయిందని మొన్నే తెలిసింది. రెండు రోజులు కోపమొచ్చింది. తర్వాత అనుకున్నా, ఊరంతా నా కోసం అబద్ధమాడితే నన్ను చూసి గర్వపడి నిజం చెప్పింది ఇదొక్కతే గదా అని. అదీ రాయండి పుస్తకంలో."

చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు తెలియదు. నేను తలెత్తలేకపోయాను. పక్కన ఆదెయ్య మామ "ఏంటే, ఏడుస్తున్నావా? లేచి నిలబడు, మీ అమ్మ చూస్తోంది" అని నా భుజం తట్టాడు. లేచి నిలబడ్డాను.

ఇట్లు,
పిచ్చమ్మ కూతుర్నని చెప్పుకోవడానికి ఇప్పుడు ఏ అడ్డూ లేని
నీ అక్క
సంతోషకుమారి