ఆరో వార్డులో ఒక్క అవును

కువైట్‌లో ఉన్న మా వారు శ్యాంబాబు గారికి,

మీ తబిత ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని నమ్ముతున్నాను. ఈ మాట లేకుండా ఉత్తరం ఎలా మొదలెట్టాలో నాకు తెలీదు కాబట్టి రాశాను గాని, మేం క్షేమంగా లేమండి. సారిక సెలవు అయిపోయి బుధవారం మళ్ళీ కువైట్‌కి బయల్దేరుతోంది. ఆవకాయ సీసాతో పాటు ఇది కూడా ఇచ్చి పంపుతున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటారు. ఫోన్‌లో అయితే మధ్యలో మీరు అరుస్తారు, నేను ఇంకా గట్టిగా అరుస్తాను, అసలు సంగతి పక్కకి పోతుంది.

వినీలకి జ్వరం తగ్గిందా అని అడిగారు. తగ్గింది. బడికి పోతోంది, చదువు కన్నా వాగుడెక్కువ. కాలవ నీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయా అన్నారు. అలాగే ఉన్నాయి, రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు అందులోకి రావడం ఆగితే కదా. తాగడానికి డబ్బా నీళ్ళు కొంటున్నాం, మీ అమ్మ మాత్రం ఆ కాలవ నీళ్ళే కాచుకుని తాగుతుంది. తమ్ముడు ఫోనెత్తడం లేదేంటి అన్నారు. దానికే వస్తున్నాను.

ఆదినారాయణరాజు గారు కాలవ పక్కన ఇంకా చెరువులు తవ్వి, రొయ్యల ఫ్యాక్టరీ కడతామన్నారు కదా. దాని మీద మీరేమంటారో ఫోన్‌లో చెప్పండని ప్రభుత్వం వాళ్ళు అందర్నీ అడిగారు. పేరు రాయక్కర్లేదు. వార్డు నొక్కి, అవునో కాదో నొక్కి, ఎందుకో రాయాలి. నేను కాదని నొక్కి, పట్టినంత తిట్టు రాశాను. మధ్యలో ఒకసారి, ఇంతవరకు ఎవరేమన్నారో వార్డుల వారీగా అందరికీ చూపించారు. మన ఊరి సచివాలయం గోడకి కూడా అంటించారు. అక్కడి అమ్మాయి గొంతు పోయేలా చెప్పింది. "ఇవి ఓట్లు కావండి, ఇందులో గెలుపూ ఓటమీ లేవు. ఇంకా గడువుంది. అవతలివాళ్ళు ఏం రాశారో చదవండి. కావాలంటే మీ మాట మార్చుకోండి, ఇంకో మాట కలపండి."

ఎవరు వింటారండి? మనకి మధ్యలో అంకెలు చూపిస్తే అది కౌంటింగే. మీ స్నేహితుడు సురేష్‌బాబు యూత్ వాళ్ళని వెంటేసుకుని, "ఈ రౌండు ముగిసేసరికి ఆరో వార్డులో మనదే ఆధిక్యం" అని మైకులో అరిచాడు. టపాకాయలు, డప్పులు. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంతలో ఎవరో కింది వరస చదివారు. పేటలో అందరూ కాదంటే, ఒక్కరు మాత్రం అవునన్నారు. ఎందుకయ్యా అంటే, ఊళ్ళో పని దొరుకుతుందట. డప్పులు ఆగిపోయాయి. "క్రాస్ ఓటింగ్ చేసిందెవడ్రా!" అన్నాడు సురేష్‌బాబు. అందరూ మన ఇంటివైపు తిరిగారు. పేట మొత్తానికి రాజు గారి చెరువుల్లో మేత వేసేవాడు మన యెహెజ్కేలు ఒక్కడే కదా.

అదే పూట రాజు గారు కూడా ఆ అంకెలు చూశారట. మీ తమ్ముణ్ణి పిలిచి భుజం తట్టి, "ఆ ఒక్కటీ నీదేగా? ఉప్పు తిన్న విశ్వాసం ఉన్నవాడివిరా" అన్నారట. మనవాడి సంగతి మీకు తెలుసుగా, అబద్ధం ఆడాలంటే చెమటలు పోస్తాయి. "కాదండి. నేను వద్దన్నానండి. మా అమ్మ ఆ నీళ్ళే తాగుతుందండి" అన్నాడట. రాజు గారు చెప్పు తీసుకుని మొహం మీద కొట్టారు. ఆయన మనుషులు గట్టు మీద పడేసి తన్నారు. ముందు పన్ను ఊడిపోయింది.

ఆ నెత్తురు మూతితో పేటకొచ్చాడు. ఇక్కడ మేం కాసుకుని ఉన్నాం.

"నేను కాదు, నమ్మండి. నన్ను రాజు గారే కొట్టారు" అన్నాడు.

"అవునన్నవాణ్ణి ఆయనెందుకు కొడతాడ్రా? నాటకాలా?" అని సురేష్‌బాబు కాలరు పట్టుకున్నాడు.

ఇక్కడిదాకా రాసి లేచి పోయాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మొదటి దెబ్బ సురేష్‌బాబుది కాదండి. నాది. ఇంటి పరువు తీశాడన్న మంటలో ఒళ్ళు తెలీలేదు. గుమ్మం పక్కనున్న పచ్చి కొబ్బరిమట్ట అందుకున్నాను. తలకి తగలకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అయినా ఇంకోటి వేశాను. వదినే కొట్టాక ఇంకెవరాగుతారు? అందరూ మీద పడ్డారు. వినీల "బాబాయ్, బాబాయ్" అని కేకలు పెడుతోంది. మీ అమ్మ వెళ్ళి వాడి మీద పడుకుంటే గాని ఎవరూ ఆగలేదు.

భీమవరం ఆసుపత్రిలో చేర్చాం. శనివారం మీరు ఫోన్ చేసి నవ్వుతూ అడిగారు. "ఏమే, మన వార్డులో ఒక్క అవునైనా వచ్చిందా? అది నాదేనే, ఇక్కణ్ణించే ఫోన్‌లో నొక్కాను! ఫ్యాక్టరీ వస్తే డ్రైవరు పని దొరుకుతుంది, ఇంటికొచ్చేస్తాను." ఫోన్ కట్టయితే సిగ్నల్ పోయిందనుకుని ఉంటారు. నేనే కట్టేశాను. గోడకేసి తల బాదుకున్నాను. ముందు మిమ్మల్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది. పెళ్ళానికి ఒక్క మాట చెప్పలేకపోయారా? తర్వాత ఆ కోపం నా మీదకే తిరిగింది. ఇంటికి రావాలనుకోవడం తప్పెలా అవుతుంది? రోజూ నేను ఏడ్చేది దానికోసమేగా.

ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనలు చదివే వేళ లేచి నిలబడ్డాను. "ఆ ఒక్కటీ మా ఆయనది, యెహెజ్కేలుది కాదు. ఏ పాపం తెలీనివాడి చెయ్యి నేను విరగ్గొట్టాను" అన్నాను. మీ అమ్మ వచ్చి అందరి ముందూ నా చెంప పగలగొట్టింది. బాగా చేసింది. సురేష్‌బాబు మాత్రం, "శ్యాంబాబు పేటలో అడుగుపెడితే కాళ్ళుండవు" అన్నాడు. సాయంత్రం మన ఇంటి రేకుల మీద రాళ్ళు పడ్డాయి.

యెహెజ్కేలుతో కూడా చెప్పాను. "అన్నయ్యకి నా సంగతి చెప్పకు వదినా. చెబితే బాధపడి మాట మార్చేసుకుంటాడు. రెండు వైపులా తన్నినా నేను మార్చలేదుగా. ఆయన మాట మీద ఆయన్నీ ఉండనీ" అన్నాడు.

వాడు వద్దన్నా చెప్పేశాను. ఇంట్లో ఒకరి మాట ఒకరికి తెలీకపోతే ఏమవుతుందో చూశాం కదా. గడువు ఇంకా ఉంది. నేను నాది మార్చను, ఆ నీళ్ళు నా కూతురు తాగడానికి వీల్లేదు. మీది మీ ఇష్టం. మా నెత్తురు చూసి మాత్రం మార్చుకోకండి. ఒక్కసారి వచ్చి వాణ్ణి చూసి వెళ్ళండి. రాళ్ళు పడితే ముందు నేను నిలబడతాను.

ఆ చెయ్యి ఇక మునుపట్లా ముడుచుకోదని డాక్టరు గారు చెప్పారు. అన్నం నేనే కలిపి పెడుతున్నాను. తినడేమో అనుకున్నాను. తిట్టినా, కంచం విసిరికొట్టినా నాకు బాగుండేది. నేను ముద్ద పట్టుకుని చెయ్యి ఎత్తగానే తల పక్కకి తిప్పేసి గట్టిగా కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే నోరు తెరుస్తాడు.

ఇట్లు,
మీ భార్య, వాడి వదిన,
తబిత